వట్టిపోని అమ్మమ్మలు

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి తిమింగిలాలతో పనేమిటని మీరు అడగవచ్చు. పని వుంది. ముందుగా ఆ మాటే మన పలక మీదిది. సంస్కృతంలో తిమి అంటే సముద్రంలో తిరిగే మహామత్స్యం. ఆ తిమిని మింగేది తిమింగిలం. పూర్వులు అక్కడితో వూరుకోలేదు. తిమింగిలాన్ని కూడా మింగేది మరొకటి వుండి తీరాలనుకుని, దానికి తిమింగిలగిలమని నామకరణం చేశారు. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడల్లా వెనక బెంచీలవాళ్ళు, "మరి దాన్ని మింగేదాని పేరేమిటి మేష్టారూ?" అని నవ్వుతారు.

నవ్వితే నవ్వనివ్వండి. తిమింగిలాల మీద పడి చంపి తినే జంతువు నిజంగానే వుంది. ఇంగ్లీషులో దానికి కిల్లర్ వేల్ అని పేరు. అంటే హంతక తిమింగిలమన్నమాట. శాస్త్రజ్ఞులు ఓర్కా అంటారు. నల్లటి వొళ్ళు, తెల్లటి పొట్ట, కంటి వెనక తెల్లటి మచ్చ, వీపుమీద కత్తిలాంటి రెక్క. మగదాని రెక్క మనిషంత ఎత్తుంటుంది. నిజానికిది డాల్ఫిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబానికంతటికీ పెద్దది. ఈ జాతిలో కొన్ని తెగలు సీళ్ళనూ తిమింగిలాలనూ వేటాడతాయి. కొన్ని తెగలు చేప తప్ప మరొకటి ముట్టవు.

ఈ వారం నేను చెప్పబోయేది చేపలు తినే తెగ కథ. అందులోనూ వేట సంగతి కాదు, ఇంటి సంగతి. ఆ యింట్లో అమ్మమ్మ సంగతి.

మన భాషలో వట్టిపోవటమని ఒక మాట వుంది. ఈతలుడిగి, పాలివ్వటం మానేసిన ఆవును వట్టిపోయిందంటాం. వట్టిపోయిన గొడ్డుకు గడ్డి దండుగ అనేవాళ్ళూ వున్నారు. మనుషుల విషయంలో ఇంత మోటుగా అనం గాని, ముట్లుడిగిన ఆడదాన్ని గురించి "ఇంకేముంది, అన్నీ అయిపోయాయిగా" అనటం వింటూనే వుంటాం. ఆ మాట ఆవిడే అనుకోవటం కూడా వింటాం. అదీ విచారం.

ప్రకృతి లెక్క పైపైన చూస్తే, ఆ మాటే నిజమనిపిస్తుంది. జంతువుల్లో చాలామటుకు ఆడది బతికినంతకాలమూ కంటూనే వుంటుంది. ముసలితనంలో ఈతలు తగ్గవచ్చు గాని, కనటం పూర్తిగా మానేసి, ఆ తరువాత ఇరవై ముప్పయ్యేళ్ళు హాయిగా బతకటమనేది లేదు. ఏనుగునే చూడండి. దీర్ఘాయుష్షు గల జంతువు. అరవయ్యో పడి దగ్గర కూడా ఏనుగు ఈనగలదు. కాన్పులాగిన తరువాత సగం జన్మ మిగిలివుండటం మానవ స్త్రీకి వుంది. మరి కొన్ని సముద్రజీవులకు వుంది. ఓర్కా, పొట్టిరెక్కల పైలట్ తిమింగిలం, దొంగ ఓర్కా, బెలూగా, నార్వాల్: ఇప్పటికి తేలినవి ఈ అయిదే. ఉగాండా అడవుల్లో ఒక చింపాంజీ గుంపులోనూ ముట్లుడిగిన ఆడవి చాలా ఏళ్ళు బతుకుతున్నాయని 2023లో బయటపడింది. అంతకుమించి జాబితా పెరగలేదు.

ఇంతకూ ఓర్కాల ఇంటి గుట్టు మనవాళ్ళకెలా తెలిసింది? దానికి కారకుడు కెనడా దేశస్థుడు మైకేల్ బిగ్. ఆ దేశపు పడమటి తీరంలో వున్న బ్రిటిష్ కొలంబియా నీళ్ళలో ఓర్కాలెన్ని వున్నాయో లెక్క తేల్చమని 1970ల మొదట్లో ప్రభుత్వం ఆయనకు పని అప్పగించింది. ఆయన ఫోటోలు తీయించాడు. తీయగా తీయగా తెలిసిందేమిటంటే, వీపు రెక్కమీది గాట్లూ, దాని వెనక వుండే బూడిదరంగు మచ్చా ఒకదానికున్నట్టు మరొకదానికి వుండవు. అంటే ప్రతి ఓర్కాకూ ముఖం వున్నట్టే. ఆ లెక్కతో పేర్లు పెట్టి, నంబర్లు వేసి, జాబితా తయారుచేశారు. సరిహద్దుకు దక్షిణాన, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంవైపు కెన్ బాల్కమ్ అనే ఆయన 1976లో ఇదే పని మొదలుపెట్టి, 2022లో చనిపోయేదాకా ఆ ధ్యాసలోనే వున్నాడు. రెండు దేశాల నడుమ వున్న ఆ నీళ్ళకు సాలిష్ సముద్రమని పేరు. అక్కడ తిరిగే దక్షిణపు తెగలో మూడు గుంపులున్నాయి. వాటికి జె, కె, ఎల్ అని అక్షరాలు పెట్టారు. ఎవరు ఎవరి బిడ్డ, ఏ ఏట పుట్టింది, ఏ ఏట కనబడకుండా పోయింది అన్నీ దస్తరాలకెక్కాయి. మన పురోహితులు కాశీలో రాసివుంచే వంశవృక్షాలు కూడా ఇంత ఖచ్చితంగా వుండవు.

ఆ దస్తరాలు చెప్పే మొదటి వింత ఏమిటంటే, ఆ యింటినుంచి ఎవ్వరూ బయటికి పోరు. కూతురు పోదు, కొడుకూ పోడు. అందరూ జన్మంతా తల్లి పక్కనే. జత కట్టేటప్పుడు మగది సాధారణంగా వేరే కుటుంబపు ఆడదాన్ని కలుస్తుంది. కలిసి, మళ్ళీ తల్లి దగ్గరికే వచ్చేస్తుంది. అందుచేత ఓర్కా ఇంట్లో అత్తా లేదు, కోడలూ లేదు. పండక్కి అల్లుణ్ణి పిలిచే ఖర్చు అసలే లేదు. మరొకటి గమనించండి. కొడుకు బిడ్డలు వేరే ఇంట పెరుగుతారు గనుక, ఆ యింట్లో ఏ ముసలమ్మను చూసినా ఆవిడ అమ్మమ్మే. నాయనమ్మ అనే వరస రక్తంలో వుందిగాని, వాడుకలో లేదు.

ఇక కాన్పుల సంగతి. ఆడ ఓర్కా తొలిచూలు సుమారు 12 నుంచి 14 ఏళ్ళ వయసులో. చూడి మోసేది 17 నెలలు. మన తొమ్మిది నెలలకే ఎన్ని వేవిళ్ళో, ఎన్ని వేడుకలో! పుట్టేటప్పుడు బిడ్డ తరచు తోకముందుగా వస్తుంది. అప్పటికే రెండు మీటర్లకు పైగా పొడుగు, సుమారు రెండు వందల కిలోల బరువు. పుట్టగానే పైకి తేలి వూపిరి తీసుకోవాలి. తల్లి పాలు నెయ్యిలా చిక్కగా వుంటాయి. ఏడాది పైగా తాగుతుంది. తల్లి అంత శ్రమపడి కన్నా, పుట్టిన మొదటి ఆరునెలల్లోనే దాదాపు సగం బిడ్డలు పోతాయి. ఈతకూ ఈతకూ మధ్య సుమారు అయిదేళ్ళు. ఆ లెక్కన పాతికేళ్ళ సంసారంలో దక్కేది అయిదుగురు. నలభై దగ్గరకు వచ్చేసరికి కాన్పులు ఆగిపోతాయి.

కాని ప్రాణం ఆగిపోదు. ఎనభై, తొంభై ఏళ్ళదాకా బతికినవి వున్నాయి. మగది సాధారణంగా ముప్పయికి అటూ ఇటూగా వెళ్ళిపోతుంది. జె గుంపులో జె-2 అనే ముసలమ్మ వుండేది. అందరూ గ్రానీ, అంటే అమ్మమ్మ, అని పిలిచేవారు. 1970లలో ఆమెను గుర్తించినప్పటినుంచి, 2016 అక్టోబరులో చివరిసారి కనబడేదాకా, నలభయ్యేళ్ళలో ఆమెకు బిడ్డ పుట్టటం ఎవరూ చూడలేదు. అయినా గుంపు కదిలితే చాలా సందర్భాల్లో ముందు వరసలో వుండేది ఆవిడే.

నలభయ్యేళ్ళు ఆవిడ ఏం చేసినట్టు? ప్రకృతి ఆవిడకు వూరికే తిండి పెట్టిందా?

ఈ ప్రశ్నను మనుషుల విషయంలో 1957లోనే జార్జి విలియమ్స్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు వేశాడు. ఒక వయసు దాటాక తాను కొత్తగా కనటంకంటే, వున్న బిడ్డలను నిలబెట్టుకోవటమే ఆడదానికి లాభమేమో అన్నాడు. మనుషుల్లో ఈ లెక్క తేల్చటం కష్టం. మందులూ, ఆస్తులూ, ఆచారాలూ అన్నీ అడ్డువస్తాయి. ఓర్కాలకా చిక్కులు లేవు. పైగా నలభై యాభై ఏళ్ళ దస్తరం సిద్ధంగా వుంది. ఇంగ్లాండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో డారెన్ క్రాఫ్ట్, ఆయన సహచరులు దానిని ముందు వేసుకుని కూర్చున్నారు.

2012లో ఒక లెక్క తేలింది. ముప్పయ్యేళ్ళు దాటిన కొడుకున్నాడనుకోండి. తల్లి పోయిన ఏడాదిలోగా వాడూ పోయే ప్రమాదం, తల్లి వున్నవాడితో పోలిస్తే, దాదాపు 14 రెట్లు. అదే వయసు కూతురికి మూడు రెట్లకు లోపు. ముప్పయ్యేళ్ళ మగవాడికి తల్లి ఏం చేస్తుందయ్యా అంటే, అన్నం పెడుతుంది! వాటి ముఖ్యాహారం చినూక్ సాల్మన్ అనే పెద్ద చేప. తల్లి దాన్ని పట్టి, రెండు ముక్కలు చేసి, కొడుకుకు ఒక ముక్క వదులుతుంది. 2023లో మరో సంగతి కనిపెట్టారు. ఓర్కాలు పోట్లాడుకుంటే వొంటిమీద పళ్ళగాట్లు పడతాయి. కాన్పులాగిన తల్లి పక్కనున్న కొడుకుల వొంటిమీద ఆ గాట్లు తక్కువ.

2015లో తేలింది ఇంకొకటి. సాల్మన్ బాగా దొరికిన ఏళ్ళలో ఎవరు ముందు నడిచినా సరిపోతుంది. చేప కరువైన ఏళ్ళలో మాత్రం గుంపుకు ముందు నడిచేవి ముట్లుడిగిన ఆడవే. ఏ నెలలో ఏ నదీముఖాన చేప దొరుకుతుందో, వెనకటి కరువులో ఎక్కడికి పోయి బతికారో జ్ఞాపకం వున్నది వాటికే. ఆ జ్ఞాపకం విలువ ఎంతో 2019లో లెక్కకట్టారు. అమ్మమ్మ పోయిన రెండేళ్ళలో మనవలు చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లు పెరుగుతుంది. చేప తక్కువైన ఏళ్ళలో ఆ దెబ్బ మరీ గట్టిది. తాను ఇంకా కంటూ వున్న అమ్మమ్మ కంటే, కాన్పులాగిన అమ్మమ్మ వల్లనే మనవలకు మేలు ఎక్కువ. చంటిబిడ్డ చంకనుంటే మనవడి వెంట ఎవరు తిరగగలరు?

బాగానే వుంది, సాయం చేయటానికి కనటం మానటమెందుకు? ఏనుగమ్మమ్మ కూడా సాయం చేస్తుంది; కంటూనే చేస్తుంది. తెలివైన ప్రశ్నే. దీనికి జవాబు 2017లో వచ్చింది. ఆ జవాబు మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. వెనకటి రోజుల్లో తల్లీ కూతుళ్ళు ఒకే యింట, ఒకే ఏడు నీళ్ళాడటం మామూలు. మేనల్లుడికంటే చిన్నవాడైన మేనమామ లేని వంశం వుండేదా? ఆ యింట్లో పాలకూ, పథ్యానికీ, చాకిరీకీ ఎవరి బిడ్డ ముందో, ఎవరి బిడ్డ వెనకో వేరే చెప్పాలా? ఓర్కాలలో తల్లీ కూతుళ్ళు ఒకేకాలంలో కంటే, తల్లి కన్న బిడ్డ చనిపోయే ప్రమాదం కూతురు కన్నదానికంటే 1.7 రెట్లు.

ఎందుకలా? ఆడపిల్ల పుట్టినప్పుడు దాని తండ్రి వేరే యింట వుంటాడు గనుక, సొంత గుంపులో దానికి తల్లివైపు చుట్టరికమే వుంటుంది. వయసు వచ్చి, కొడుకులూ కూతుళ్ళూ మనవలూ పుట్టి ఆ గుంపులోనే నిలిచేకొద్దీ, చుట్టూ వున్నవాళ్ళంతా తన రక్తమే అవుతారు. ఆ దశలో పోటీపడి మరొక బిడ్డను కని, అయినవాళ్ళ నోటిముందు చేప లాక్కోవటం ఆవిడకు నష్టం. పడుచు కూతురికి ఆ జంకు అంత వుండదు. కనుక వెనక్కు తగ్గేది తల్లి. దీన్ని త్యాగమని మనం పెద్దపేరు పెట్టుకోవచ్చు. ప్రకృతి మాత్రం లెక్కే చూసింది.

అన్నీ మంచి మాటలే చెబితే మీరు నమ్మరు. కొడుకులమీద మమకారానికి తల్లి చెల్లించే మూల్యం కూడా దస్తరంలో వుంది. ఇంకా కాన్పుల వయసులో వున్న తల్లికి పాలు మానిన కొడుకొకడు వుంటే, ఆవిడ మళ్ళీ కనగలిగే అవకాశం ఏడాదికి ఏడాది సుమారు సగానికి పడిపోతుందని 2023లో తేల్చారు. కూతుళ్ళవల్ల అట్లా జరగదు. కూతురు తన తిండి తాను చూసుకుంటుంది. కొడుకు తల్లికంటే భారీ కాయం పెంచుకుని కూడా తల్లి నోటి ముక్కకోసం పక్కనే ఈదుతాడు. ఈ వాక్యం చదివి మీ యింట్లో ఎవరి వంక ఎవరు చూశారో నేను అడగను.

2024లో వచ్చిన పరిశోధన నాకు అన్నిటికంటే నచ్చింది. శామ్యూల్ ఎలిస్, ఆయన మిత్రులు పళ్ళున్న తిమింగిలాల జాతులను పక్కపక్కన పెట్టి చూశారు. ముట్లుడిగే ఆ అయిదు జాతుల్లో కాన్పుల కాలం ఏమైనా కుదించుకుపోయిందా అని వెతికారు. కుదించుకుపోలేదు. అంతే వొడ్డూ పొడుగూ వున్న ఇతర జాతుల ఆడవి ఎన్నేళ్ళు కంటాయో, ఇవీ అన్నేళ్ళే కంటున్నాయి. తేడా అల్లా ఆయుర్దాయంలో. వీటి ఆడవి సుమారు నలభయ్యేళ్ళు ఎక్కువ బతుకుతున్నాయి. అర్థమయిందా? మనం ఏదో పోయిందనుకుంటున్నాం, పోయిందేమీ లేదు. ఉన్న యవ్వనం వున్నట్టే వుంది. దాని చివర మరొక ఆయుష్షు అతికింది. ఆ రెండో ఆయుష్షు అమ్మమ్మ పనికోసం వచ్చినది.

ఇప్పుడు కష్టం చెప్పాలి. ఆ దక్షిణపు తెగలో ఇవాళ మిగిలినవి డెబ్భై చిల్లర మాత్రమే. 1960లలోనూ 70లలోనూ, డబ్బు పెట్టి చూసేవాళ్ళకోసం, వలలు వేసి లేతవాటిని ఏరి పట్టుకుపోయారు. 1970 ఆగస్టులో పెన్ కోవ్ అనేచోట తల్లులు వల అవతల తిరుగుతూ వుండగా పిల్లలను విడదీశారు. వాషింగ్టన్ నీళ్ళలో ఈ పని 1976లో ఆగింది గాని, అప్పుడు పోయిన పిల్లలు తరువాత తల్లులు కావలసినవాళ్ళు. నదులకు అడ్డంగా కట్టలు లేచాయి, సాల్మన్ తగ్గింది. పాత విద్యుత్ పరికరాల్లో వాడిన పి.సి.బి. అనే రసాయనాలను అమెరికా 1979లో నిషేధించినా, సముద్రంలో చేరినవి పోలేదు. అవి తల్లి కొవ్వులో నిలిచి, పాలద్వారా బిడ్డలోకి దిగుతాయి. తొలిచూలు బిడ్డకు అన్నిటికంటే పెద్ద మోతాదు. అమెరికా ప్రభుత్వం 2005లో ఈ తెగను అంతరించిపోయే ప్రమాదంలో వున్నవాటిలో చేర్చింది.

2008 నుంచి 2014 దాకా శాస్త్రజ్ఞులు పడవ ముక్కున వాసన పట్టే కుక్కను కూర్చోబెట్టుకుని, ఓర్కాల మలం ఎక్కడ తేలుతోందో వెతికి, అందులోని హార్మోనులు పరీక్షించారు. చూడి నిలిచినట్టు తేలినవాటిలో 69 శాతం బిడ్డ దక్కకుండానే ముగిశాయి. సాల్మన్ కరువే ముఖ్యకారణమన్నారు.

శాతమంటే మనకు గుండె కరగదు. జె-35 సంగతి చెబుతాను. ఆవిడకు టాలిక్వా అని పేరు. 2018 జూలై 24న ఒక ఆడపిల్లను కన్నది. అరగంట బతికింది. ఆ శవాన్ని తల్లి ముక్కుమీద, నొసటిమీద నిలిపి, జారిపోయినప్పుడల్లా మునిగి పైకి తెస్తూ, పదిహేడు రోజులు మోసింది. సుమారు 1,600 కిలోమీటర్లు. 2020లో కొడుకు పుట్టాడు, దక్కాడు. 2024 డిసెంబరులో మళ్ళీ ఆడపిల్ల, కొద్దిరోజులకే పోయింది. 2025 జనవరిలో ఆ తల్లి మళ్ళీ శవాన్ని మోస్తూ కనబడింది. పదిహేడు నెలలు మోసినదాన్ని దించటం ఎవరికి చేతనవుతుంది?

ఇటువంటి తెగ భవిష్యత్తును గురించి మాట్లాడేటప్పుడు, ఎవరైనా ముందుగా అడిగే ప్రశ్న, ఇంకా కనగలిగినవి ఎన్ని వున్నాయని. న్యాయమైన ప్రశ్నే. కాని ఆ లెక్కలో ముసలివి రావు. దస్తరం చెప్పేదేమిటంటే, వాటిని కూడా కూడుకుంటే తప్ప లెక్క సరిపోదు. చేప కరువైన ఏట పుట్టిన బిడ్డ బతకాలంటే తల్లి ఒక్కతే చాలదు. ముందు నడిచేది ఒకతె వుండాలి. అటువంటిది ఒకటి పోతే, దాంతోపాటు యాభయ్యేళ్ళ దారులు పోతాయి. తిరిగి తయారు కావటానికి మళ్ళీ యాభయ్యేళ్ళు పడుతుంది.

వట్టిపోవటమన్న మాటను నిఘంటువులోంచి కొట్టివేయమని నేననను. ఆవులకు అది వుండనివ్వండి. ముట్లుడిగిన ఆడదానికి పెట్టటానికి మాత్రం మన భాషలో ఒక పేరు ఎప్పటినుంచో సిద్ధంగా వుంది. పెద్దదిక్కు అంటాం. ఆ సముద్రంలో దిక్కు చూపేది కూడా ఆవిడే.